యాత్ర విద్యాంగమే: ఓరుగల్లు పిల్లలను గదులలో బంధించడం ఏ ధర్మం?



ఓరుగల్లు, హనుమకొండలలో పదవ తరగతి చదివే బాలుణ్ణి రామప్ప దేవాలయాన్ని గూర్చి అడిగితే తడుముకోకుండా చెబుతాడు. శాసనకాలం 1213, నిర్మాత రేచర్ల రుద్రుడు, ప్రభువు గణపతిదేవుడు, ప్రపంచ వారసత్వ హోదా లభించిన సంవత్సరం 2021. అన్నీ సరియైన సమాధానాలే. ఆ ఆలయాన్ని చూచావా అని అడిగితే మాత్రం అనేకులు తల అడ్డంగా ఊపుతారు. పాలంపేట ఓరుగల్లుకు సుమారు 70 కిలోమీటర్ల దూరం. ఉదయం బయలుదేరితే సాయంసంధ్యకు ఇల్లు చేరవచ్చు. అయినా ఎనిమిదవ తరగతి నుండే ప్రవేశపరీక్షల పునాదిశిక్షణలో మునిగిన పిల్లవానికి ఆ ఒక్క దినం దొరకదు. ఆదివారం ప్రత్యేక తరగతి, సెలవులలో పునశ్చరణ, పండుగనాడు అభ్యాసపరీక్ష.

దీనికి తల్లిదండ్రులు చెప్పే సమాధానం ఒక్కటే: ఇది చదువుకునే వయస్సు, తిరిగే వయస్సు కాదు. భక్తుల ఇళ్ళలో ఈ మాటకు కొంత శాస్త్రచ్ఛాయ కూడా అద్దుతారు. బ్రహ్మచర్యం అధ్యయనానికి, వార్ధక్యం తీర్థాటనకు అని పూర్వులే విభజించారట; విద్యార్థికి సంచారం విక్షేపహేతువట. లౌకికుడు ఈ మాట అంటే ఉపేక్షించవచ్చు. ఆస్తికుడు సంప్రదాయం పేరు చెప్పి అన్నప్పుడు విచారించక తప్పదు. ఎందుకంటే శ్రుతి, ఇతిహాసం, పురాణం, తర్కశాస్త్రం నాలుగూ దీనికి విరుద్ధంగానే సాక్ష్యం చెబుతున్నవి. యాత్ర విద్యకు విరామం కాదు, విద్యకు అంగం. అంగాన్ని ఛేదించి అంగిని పోషించదలచడం భ్రాంతి.

విశ్వామిత్రుని వెంట నడచిన విద్యార్థులు

బాలకాండలో విశ్వామిత్రుడు రాముణ్ణి యాచించిన నాటికి ఆ బాలునికి పదహారేళ్ళు నిండలేదు. నేటి లెక్కలో అతడు ఉన్నత పాఠశాల విద్యార్థి. అప్పుడు దశరథుడు పలికిన మాటలు నేటి తండ్రి పలికే మాటలే. పసివాడు, లోకం తెలియదు, కావలసివస్తే సేనతో స్వయంగా వస్తాను, పిల్లవాణ్ణి మాత్రం అడుగవద్దు అన్నాడు. ఆ మమకారాన్ని వాల్మీకి నిందించలేదు. దానిని తుదితీర్పుగా అంగీకరించనూ లేదు. కులగురువైన వసిష్ఠుడు కల్పించుకొని రాజును ఒప్పించాడు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. అయోధ్యలో గురువుకు గాని గ్రంథానికి గాని కొరత లేదు. వసిష్ఠుడంతటివాడు ఇంటనే ఉన్నాడు. ఆ వసిష్ఠుడే తన శిష్యుణ్ణి బయటికి పంపమన్నాడు.

ఆ ప్రయాణం సాగిన తీరు బోధనాశాస్త్రం తెలిసినవారు పరిశీలించదగినది. నడక కాలినడక. సరయూతీరంలో బల, అతిబల విద్యల ఉపదేశం. రాత్రి రాజకుమారులకు తృణశయ్య. మరునాడు గంగాసరయూసంగమం సమీపంలోని కామాశ్రమంలో బస. పడవలో నది దాటుతుండగా నడుమ నీటి హోరు విని, ఈ ధ్వని ఏమిటని రాముడు అడుగుతాడు. మానససరస్సున పుట్టిన సరయువు గంగలో కలిసే తావు ఇదని మహర్షి వివరిస్తాడు. ఆవలి ఒడ్డున కీకారణ్యం కనిపించగానే మరల ప్రశ్న. మలద కరూశ జనపదాల పూర్వవైభవం, తాటకవల్ల వాటికి కలిగిన దుర్దశ సమాధానం. సిద్ధాశ్రమంలో వామనుని కథ, శోణాతీరంలో కుశవంశచరిత్ర, గంగాతీరంలో గంగావతరణం, విశాలానగరం వద్ద ఆ నగరచరిత్ర. మిథిల చేరువలో నిర్జనమైన ఆశ్రమం చూచి అడిగితే అహల్యావృత్తాంతం.

ఈ క్రమంలో ముందు దర్శనం, దర్శనం నుండి ప్రశ్న, ప్రశ్న తరువాతనే ఉపదేశం. నేటి తరగతిగదిలో ఈ క్రమం తలక్రిందులైంది. ముందు సమాధానం ఇస్తారు, తరువాత దానికి తగిన ప్రశ్న ఇస్తారు, దర్శనం అసలే ఉండదు. ప్రశ్న పుట్టని చోట సమాధానం ఎంత సత్యమైనదైనా స్మృతిలో భారంగా మిగులుతుందే తప్ప జ్ఞానంగా పరిణమించదు.

యోగవాసిష్ఠం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో గురుకులవిద్య ముగించిన రాముడు తీర్థయాత్ర చేయాలని తండ్రిని కోరి, సోదరులతో దేశం చూచి వస్తాడు. తిరిగివచ్చిన కొంతకాలానికి అతనిలో వైరాగ్యం పొడసూపుతుంది. ఆ వైరాగ్యం నుండి ప్రశ్నలు, ఆ ప్రశ్నలకు ప్రత్యుత్తరంగా వసిష్ఠోపదేశం. తీర్థయాత్ర వృద్ధులకే తగునని వాదించేవారు ఈ గ్రంథారంభాన్ని ఏమని సమన్వయిస్తారు? యాత్ర చేసినవాడు పదహారేళ్ళయినా నిండని బాలుడు.

శ్రుతి ఏమంటున్నది

ఛాందోగ్యంలో సత్యకామజాబాలుని ఉపాఖ్యానం భక్తులకు సుపరిచితం. తండ్రి గోత్రం తెలియదని సత్యం చెప్పినందుకు గౌతముడు అతణ్ణి శిష్యునిగా స్వీకరించాడన్న ఘట్టం వరకు ప్రవచనాలలో తరచుగా వినబడుతుంది. అటు తరువాత జరిగినది అంతగా వినబడదు. ఉపనయనం కాగానే గురువు బలహీనమైన 400 గోవులను వేరుచేసి, వీటిని తోలుకొని వెళ్ళమన్నాడు. వేయి కానిదే తిరిగి రానని శిష్యుడు పలికాడు. ఏళ్ళతరబడి అడవిలో ఉన్నాడు. మంద వేయికి చేరిన పిమ్మట, గురుగృహానికి తిరిగివచ్చే దారిలో, నలుగురు అతనికి బ్రహ్మం యొక్క నాలుగు పాదాలను బోధించారు. ఒక వృషభం, అగ్ని, ఒక హంస, మద్గువు అనే నీటికాకి. దిక్కులు, భూమ్యంతరిక్షసముద్రాలు, సూర్యచంద్రవిద్యుత్తులు, ప్రాణేంద్రియమనస్సులు ఆ బోధలోని విషయాలు.

ఇంతటితో కథ ముగిసిఉంటే, గురువు అవసరమే లేదు, అడవి చాలునని కొందరు వాదించేవారు. ఉపనిషత్తు ఆ అవకాశం ఇవ్వలేదు. శిష్యుని ముఖవర్చస్సు చూచి, నీకు బోధించినది ఎవరని గురువు అడిగితే, మనుష్యులు కారని చెప్పి, అయినా ఆచార్యుని వలన పొందిన విద్యయే సాధుతమమని విన్నాను, మీరే ఉపదేశించండని ప్రార్థించాడు. ప్రకృతి వికసింపజేసినదానిని ఆచార్యుడు పరిపూర్ణం చేశాడు. యాత్రావిద్యకు ప్రమాణం కావలసినవారికి ఇంతకన్న స్పష్టమైన శ్రుతి అక్కరలేదు. బయలుకు పంపినవాడూ గురువే, తిరిగివచ్చినవానికి పూర్తిచేసినవాడూ గురువే.

అదే ఉపనిషత్తులో ఆరవ ప్రపాఠకం మరొక విద్యార్థిని చూపుతుంది. శ్వేతకేతువు పన్నెండేళ్ళు వేదాధ్యయనం చేసి, ఇరవైనాలుగవ ఏట గర్వంతో ఇంటికి వచ్చాడు. అతనికి కంఠస్థం లేనిది లేదు. తెలిసినది మాత్రం లేదు. తండ్రి ఉద్దాలకుడు మరొక గ్రంథం చేతికివ్వలేదు. మర్రిపండు తెచ్చి పగులగొట్టమన్నాడు, గింజను చీల్చమన్నాడు, లోపల ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. ఉప్పు నీటిలో వేసి మరునాడు రుచి చూడమన్నాడు. మహావాక్యోపదేశం ఒక చెట్టు క్రింద దొరికే పండుతోను, వంటింటి ఉప్పుతోను సాగింది. ఈనాటి శ్వేతకేతువులు ఓరుగల్లులో వేలకొలది ఉన్నారు. వారి చేతికి మర్రిపండు ఇచ్చే ఉద్దాలకులే అరుదు.

పదం ఉన్నది, పదార్థం లేదు

తర్కమీమాంసాశాస్త్రాలు శక్తిగ్రహాన్ని, అనగా పదానికి అర్థం ఎట్లా తెలుస్తుందన్నదానిని, విచారించాయి. ప్రధానోపాయంగా చెప్పినది వృద్ధవ్యవహారం. ఒక పెద్ద, ఆవును తీసుకురా అంటాడు. మరొకడు తీసుకువస్తాడు. చూస్తున్న బాలునికి ఆ పదమూ ఆ ప్రాణీ జతపడతాయి. చూపు లేకుండా శబ్దం అర్థాన్ని ఇవ్వదని దీని సారం. శాస్త్రాలు ఎంచుకొన్న దృష్టాంతాలు కూడా అటువంటివే. పర్వతం మీద పొగ, వంటింట నిప్పు, సంధ్యవేళ తాడులో పాము, ముత్యపుచిప్పలో వెండి, ఎండమావిలో నీరు, కుమ్మరి చేతి కుండ. శాస్త్రకారులు తమ విద్యార్థికి ఇవన్నీ చూచిన కళ్ళున్నాయని నమ్మి వ్రాశారు.

మసకవెలుతురులో పొలంగట్టు మీద నడవని పిల్లవానికి రజ్జుసర్పం ఒక సమాసం మాత్రమే. మిట్టమధ్యాహ్నం బయలులో నిలువని వానికి మృగతృష్ణ ఒక రెండు మార్కుల సమాధానం మాత్రమే. వేదాంతం కఠినమని, పిల్లలకు అర్థం కాదని వాపోయే భక్తులు ఈ సంగతి ఆలోచించాలి. వేదాంతం కఠినమైనదే. అయితే పిల్లలకు అది అందకుండా చేస్తున్నది దాని కాఠిన్యం ఒక్కటే కాదు. దృష్టాంతాలు అనుభవంలో లేకపోవడం అంతకన్న పెద్ద కారణం.

ఏకాదశస్కంధంలో అవధూత యదువుకు తన ఇరవైనలుగురు గురువులను లెక్కించి చెబుతాడు. పృథివి, వాయువు, సముద్రం, కొండచిలువ, తేనెటీగ, చేప, సాలెపురుగు అందులో ఉన్నవి. ఆంధ్రమహాభాగవతంలో ఈ స్కంధాన్ని తెనిగించినది పోతన శిష్యుడైన వెలిగందల నారయ. పోతన ఊరు బమ్మెర పూర్వపు ఓరుగల్లు జిల్లాలోనిదే. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి దాని చేరువనే ఉన్నది. పోతన పద్యం పాఠ్యపుస్తకంలో చదివి ప్రతిపదార్థం అప్పగించే విద్యార్థికి బమ్మెర పొలాలు ఒక ఉదయపు ప్రయాణం దూరంలో ఉన్నవి. రాజాశ్రయాన్ని కాదని హలం పట్టిన కవిగా సంప్రదాయం ఆయనను స్మరిస్తుంది. ఆ మన్ను మీద నిలిచి ఆ పద్యం చదివినవానికి, మర్చిపోకూడని ఒక ప్రశ్న పుడుతుంది: విద్య దేనికొరకు?

ఓరుగల్లు అనే గ్రంథం

యాత్ర అనగానే దూరదేశాలు, అధికవ్యయం మనస్సుకు వస్తాయి. ఓరుగల్లువాసులకు ఆ అగత్యం లేదు. ఏకశిలానగరమే ఒక మహాగ్రంథం. దాని పుటలు కొన్నింటిని చూడవచ్చు.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుని శాసనం ఉన్నది. దాని కాలం శకం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. శకసంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని పిల్లలు నేర్చుకొన్నారు. అట్లా కలిపితే 1162 రావాలి. పుస్తకంలో 1163 అని ఉన్నది. ఎందుకు? మాఘమాసం వచ్చేసరికి ఆంగ్ల సంవత్సరం మారిపోతుంది కనుక 79 కలపాలి. నిత్యసంకల్పంలో సంవత్సర, మాస, పక్ష, తిథులను ఉచ్చరించే ఇళ్ళ పిల్లలకు ఆ ఉచ్చారణకు ప్రయోజనం ఏమిటో ఆ శిల ముందు ఒక్క గడియలో బోధపడుతుంది. అదే ఆలయం త్రికూటం. శివ, విష్ణు, సూర్యులకు ఒకే మండపం చుట్టూ మూడు గర్భగృహాలు. మతసమన్వయాన్ని గూర్చి వ్యాసం వ్రాయించే ముందు ఆ మూడు గర్భగుడుల నడుమ పిల్లలను నిలబెట్టాలి.

రామప్పలో శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. బరువైన రాతిగుడి మీద అంత ఎత్తు ఎందుకు నిలిచిందో భౌతికశాస్త్రపాఠం అక్కడ కళ్ళెదుట ఉన్నది. అక్కడి నర్తకీశిల్పాలకు మరొక మహత్తు ఉన్నది. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళి రచించాడు. శతాబ్దాల తరువాత నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్ని, ఆ శిల్పాలను కలిపి పరిశీలించి పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించాడు. గ్రంథం మాత్రమే ఉంటే అది మూగ. శిల మాత్రమే ఉంటే అదీ మూగ. రెండింటినీ ఎదురెదురుగా పెట్టిన కళ్ళకు లుప్తమైన నృత్యం తిరిగి దొరికింది. యాత్రావిద్యకు ఓరుగల్లు సీమ ఇచ్చిన ప్రత్యక్షప్రమాణం ఇది.

పాఖాల చెరువు కట్ట మీద నడిస్తే తూము, అలుగు, ఆయకట్టు అన్న మాటలకు అర్థం తెలుస్తుంది. తటాకనిర్మాణం సప్తసంతానాలలో ఒకటి అని ధర్మగ్రంథాలు ఎందుకన్నాయో, ఏడువందల ఏళ్ళకు పైబడి పంటకు నీరిస్తున్న చెరువును చూచినవానికి వేరుగా చెప్పనక్కరలేదు. కాకతీయులు ఆలయం ప్రక్కన చెరువు ఎందుకు కట్టారో రామప్ప గుడి, రామప్ప చెరువు పక్కపక్కన చెబుతాయి. నీటి మధ్య మోడు మీద రెక్కలు ఆరబెట్టుకొనే నీటికాకిని చూపి, సత్యకామునికి నాలుగవ పాదం బోధించినది ఇదేనని చెప్పగల ఉపాధ్యాయుడు వెంట ఉంటే ఛాందోగ్యం ఆ పిల్లవానికి జీవితాంతం మరపురాదు.

మేడారంలో విగ్రహం లేదు. రెండేళ్ళకొకసారి మాఘపూర్ణిమకు సమ్మక్క సారలమ్మలు వెదురుగడలు, కుంకుమభరిణె రూపంలో గద్దెలకు వస్తారు. కోయపూజారులు తెస్తారు. నిర్గుణోపాసన పండితులకే సాధ్యమని తలచే నాగరికునికి అక్కడ నేర్వవలసినది ఉన్నది. తన తరగతిలో ప్రక్కన కూర్చునే గిరిజన బాలుడు ఏ భక్తిసంపదకు వారసుడో కూడా అక్కడనే తెలుస్తుంది.

పూర్వపక్షాలు, పరిహారాలు

మొదటి ఆక్షేపం: పరీక్షలకు కాలం చాలదు. సంవత్సరానికి నాలుగైదు దినాలు యాత్రకు ఇస్తే చెడిపోయే చదువు, ఆ దినాలు ఇవ్వకపోయినా నిలువదు. జాతీయ విద్యావిధానం 2020 కూడా ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది దినాలు నిర్దేశించింది. ఇక మార్కులే సర్వస్వంగా పెంచడం వలన కలిగే విపత్తు తెలంగాణకు తెలియనిది కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత దాదాపు ఇరవైమంది విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. ఒక్కొక్క మరణానికి కారణాలు వేరువేరు. వాటిని ఒక్క సూత్రంలో ఇరికించడం అపచారం. అయితే ఒక అంకెకు వెలుపల తనకంటూ ఏ లోకమూ లేదని తలచే స్థితికి ఒక్క బాలుడు చేరినా, ఆ లోకాన్ని చూపని పెద్దలకు ఆ పాపంలో భాగం ఉన్నది.

రెండవ ఆక్షేపం: బయట అపాయం ఉన్నది. ఇది తోసివేయదగినది కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో, ఎగువ లార్జీ ఆనకట్ట నుండి వదలిన నీటిలో 24 మంది తెలుగు విద్యార్థులు కొట్టుకొనిపోయారు. ఆ శోకం నేటికీ చల్లారలేదు. ఆ పిల్లలను నిందించడం తగదు. కాని దానికి సరిగా పద్నాలుగు దినాల ముందు, మే 25న, పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలిచింది. నిజామాబాద్ జిల్లాలోని ఆ గ్రామం నుండి వచ్చిన ఆ బాలికకు అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. హైదరాబాదు నుండి ఓరుగల్లు వచ్చే దారిలోని భువనగిరి ఏకశిల మీద వారికి తొలి శిక్షణ లభించింది. తరువాత డార్జిలింగ్, లడఖ్. మెట్టుమెట్టుగా, గురువుల పర్యవేక్షణలో, శరీరాన్నీ మనస్సునూ సిద్ధం చేసిన పిమ్మటనే హిమాలయం.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది ఒకటే. బయలు అపాయకరమా కాదా అన్నది ప్రశ్న కాదు. నది స్వభావం, ఆనకట్ట స్వభావం తెలిసిన మార్గదర్శి వెంట ఉన్నాడా అన్నదే ప్రశ్న. విశ్వామిత్రుడు తాటకావనంలోకి తీసుకువెళ్ళే ముందే బలాతిబలలు ఉపదేశించాడు. చెరువు వద్ద పెరిగినవానికి లోతు తెలుస్తుంది. గదిలో పెరిగినవానికి ఇరవైయవ ఏట మొదటిసారి నది ఎదురైతే తెలియదు. కాబట్టి అపాయభయం యాత్రను నిషేధించడానికి హేతువు కాదు, చిన్ననాటనే, దగ్గర చోట, శిక్షణతో ప్రారంభించడానికి హేతువు.

మూడవ ఆక్షేపం: వ్యయం. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయకూలీలు. ఆమె యాత్రకు ధనం అడ్డు కాలేదు, వ్యవస్థ తోడైంది. ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు, వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు ఒకే నగరంలో ఉన్నవి. కేంద్ర పురావస్తు శాఖ రక్షించే కట్టడాలలో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశరుసుము లేదు. ఒక నెల ప్రత్యేకశిక్షణకు కట్టే రుసుముతో సంవత్సరమంతా యాత్రలు చేయవచ్చు. ఆడపిల్ల కనుక పంపలేమనే ఇంటివారు పూర్ణను, ఓరుగల్లును పాలించిన రుద్రమదేవిని స్మరించి ఆ మాట మరల ఆలోచించుకోవాలి.

నాలుగవ ఆక్షేపం సాధకులది, గంభీరమైనది. ఇంద్రియాలు స్వభావతః బహిర్ముఖాలని, ధీరుడు చూపును అంతర్ముఖం చేసుకొన్నాడని కఠోపనిషత్తు బోధిస్తున్నది. బహిర్ముఖతకు మరింత ప్రోత్సాహం ఎందుకు? దీనికి సమాధానం అదే ఉపనిషత్తులో ఉన్నది. ఆ బోధ విన్నవాడు ఇల్లు వదలి యమసదనానికి వెళ్ళి, మూడు రాత్రులు ఉపవాసంతో వేచిన బాలుడు. ఇంకొకటి. గదిలో బంధించినంత మాత్రాన పిల్లవాడు అంతర్ముఖుడు కాడు. చేతిలోని తెర అతణ్ణి క్షణానికొక విషయానికి లాగుతుంది. అదే నిజమైన బహిర్ముఖత. అంతర్ముఖతకు ద్వారం నిత్యానిత్యవివేకం. ఓరుగల్లు కోట నడుమ, 1323లో కాకతీయరాజ్యం కూలిన తరువాత భగ్నమై పడిఉన్న స్వయంభూదేవాలయ శిలల మధ్య, నాలుగు తోరణాలు మాత్రం నిలిచిన చోట, ఒక పిల్లవాడు ఒక గడియ మౌనంగా కూర్చుంటే అనిత్యం అంటే ఏమిటో తెలుస్తుంది. సాధనచతుష్టయంలో మొదటి మెట్టు అదే.

యాత్ర పేర సాగే యాత్రాభాస

ఇంతగా యాత్రను సమర్థించినా, నేడు విహారయాత్ర పేర సాగే ప్రతిదీ సమర్థనీయం కాదు. అనేక పాఠశాలలు ఏడాదికొకసారి పిల్లలను బస్సులలో కుక్కి జలక్రీడల ఉద్యానానికో కృత్రిమ నగరానికో తీసుకువెళతాయి. దారి పొడవునా సినిమా పాటలు. దిగిన చోట ఆటలు, తిండి, ఛాయాచిత్రాలు. తిరిగివచ్చిన తరువాత ఒక్క ప్రశ్న కూడా పుట్టదు. వినోదం పాపం కాదు. దానిని విద్య అని పిలిచి రుసుము వసూలు చేయడం అసత్యం.

భక్తుల యాత్రకు కూడా తన ఆభాస ఉన్నది. పరీక్షలకు ముందు హాల్‌టికెట్టును, కలాన్ని అమ్మవారి పాదాల వద్ద పెట్టించి, గంటలో ఇంటికి తెచ్చి మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెడతారు. ఆ పిల్లవాడు గుడి స్తంభం వైపు చూడడు, చెరువు వైపు చూడడు. దేవత వద్దకు ఒక ఒప్పందం నిమిత్తం వెళ్ళి వస్తాడు. పది సంవత్సరాలు ఈ విధంగా పెరిగినవాడు, ఫలితం అనుకూలించకపోతే దేవతను విడుస్తాడు, అనుకూలిస్తే మరుస్తాడు. తమ బిడ్డలు పెద్దయ్యాక ధర్మానికి దూరమైపోయారని దుఃఖించే తల్లిదండ్రులు ఈ బీజాన్ని తామే నాటారేమో విచారించుకోవాలి.

కర్తవ్యం

వాదం క్రియలో పర్యవసించకపోతే వ్యర్థం. ఓరుగల్లు సీమలోని ఆస్తిక కుటుంబాలు, భజనమండలులు, ధర్మపాఠశాలలు ఆరంభించదగినది స్వల్పమే. సంవత్సరానికి నాలుగు యాత్రలు: ఒకటి దేవాలయానికి, ఒకటి చెరువుకు, ఒకటి గుట్టకు లేక అడవి అంచుకు, ఒకటి కవి పుట్టిన పల్లెకు. ఉపాధ్యాయుడు ముందుగా ఒక్కడే వెళ్ళి స్థలం చూచి రావాలి. నీటి లోతు, ఎండ, నీడ, వైద్యం దొరికే చోటు తెలుసుకోవాలి. ఊరివాడొకడు తోడుండాలి. చివరి కొంత దూరం కాలినడకన సాగాలి. చేరిన వెంటనే ఉపన్యాసం ఇవ్వకూడదు. పిల్లలు చూడాలి, ముట్టదగినదాన్ని ముట్టాలి, గీయాలి, తమ ప్రశ్నలు తామే వ్రాసుకోవాలి. ఒక గడియ మౌనం ఉండాలి. ఆ ప్రశ్నలకే సమాధానం సాగాలి. తిరిగివచ్చిన మరునాడు మూలగ్రంథం తెరవాలి. సత్యకాముడు గురువును ఆశ్రయించినట్లు, చూచినది చదువులో పరిపూర్ణం కావాలి. సంచరించిన స్థలంలో కాగితం ముక్క కూడా విడువకుండా రావడం ఆ యాత్రకు దక్షిణ.

చదువు మానిపించమని ఎవరూ కోరడం లేదు. చదువుకు కళ్ళు ఇవ్వమని మాత్రమే సంప్రదాయం కోరుతున్నది. వసిష్ఠుడు నాడు దశరథుని భయాన్ని అర్థం చేసుకొని, దానికి లొంగక, బాలుణ్ణి పంపించాడు. నేడు ప్రతి ఇంటా దశరథులున్నారు. వారి ప్రేమ సందేహాతీతం. పాఠశాలలలో, ఆలయాలలో, సత్సంగాలలో గురుస్థానం వహించినవారు వసిష్ఠుని పాత్ర స్వీకరించి ఆ తండ్రులతో మాట్లాడవలసిఉన్నది. ఈ సంవత్సరం పదవ తరగతి పరీక్షలు వ్రాసే పిల్లవానికి పాలంపేట చూచే అవకాశం మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ తరువాత అతడు వసతిగృహానికి, అటుపిమ్మట మరో నగరానికి, బహుశః మరో దేశానికి వెళతాడు. వచ్చే ఆదివారం ఇంకా అతడు ఓరుగల్లులోనే ఉన్నాడు.

స్వస్తి.